కోరల కంటే కీలే ఎక్కువ చెబుతుంది: శేషాచలం చిరుత నుంచి పుంగనూరు ఆవు దాకా దవడల తీరు

చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో పశువుల సంతకు వెళ్తే, కొనేవారు ముందుగా చూసేది పసరం నోరు. మూతి గట్టిగా పట్టుకొని కింది పెదవి జార్చి చూస్తారు. ఇంకా పాలపళ్ళేనా, రెండు పళ్ళు వేసిందా, నాలుగా, ఆరా అన్నది తేలితే వయసు తేలినట్టే. రెండేళ్ళ ప్రాంతంలో మొదటి జత పాలపళ్ళు ఊడి పెద్ద పళ్ళు వస్తాయి. ఆ తర్వాత ఒక్కో జత మారుతూ నాలుగైదేళ్ళకు కింద ఎనిమిదీ నిండుతాయి. బేరం ఎంత పెద్దదైనా పళ్ళ లెక్కకు ఎవరూ పైదవడ చూడరు. అక్కడ ముందుపళ్ళే ఉండవు మరి. పళ్ళకు బదులు గట్టిపడిన చిగుళ్ళ మెత్త ఉంటుంది.

సంతలో చూసే ఆ ఎనిమిది పళ్ళు వయసు చెబుతాయి గానీ, ఆవు తన తిండిని ఎలా అరగదీసుకుంటుందో చెప్పవు. అది చెప్పేవి చెంపల చాటున ఉండే దవడపళ్ళు. వాటికంటే స్పష్టంగా చెప్పేది చెవికి ముందు, కింది దవడ పుర్రెకు తగులుకునే కీలు. మాంసాహారులకు కోరలు, శాకాహారులకు చదును పళ్ళు అని బడిలో నేర్పే పాఠం తప్పేమీ కాదు. అయితే అది అసలు సంగతిలో చిన్న భాగమే. పన్ను ఆకారం, కీలు అమరిక, దవడను లాగే కండరం, దవడ కదిలే దిశ, ఈ నాలుగూ కలిసి ఒకే యంత్రంగా పనిచేస్తాయి. ఒకదాన్ని విడదీసి చూస్తే తప్పు అంచనాకు వస్తాం.

పళ్ళ సంఖ్యనే తీసుకుంటే, పెరిగిన ఆవుకు 32 పళ్ళు. మేకకు 32. మనిషికి 32. తిరుమల మెట్ల దారిలో కనిపించే కోతికీ 32. గడ్డి తినే ఆవు, దొరికిందల్లా తినే కోతి ఒకే సంఖ్య దగ్గర నిలబడ్డాయి. చిరుతకు 30 అయితే, అదే మాంసాహార గణానికి చెందిన కుక్కకు 42. లెక్క చూసి తిండి చెప్పడం కుదరని పని.

కోర దేనికి గుర్తు?

పాలిచ్చే జంతువుల పళ్ళను నాలుగు రకాలుగా చెబుతారు. ముందు కొరికే కుంతకాలు, వాటి పక్కన రదనికలు అనే కోరలు, వెనక అగ్రచర్వణకాలు, చర్వణకాలు. చివరి రెండింటినీ కలిపి వాడుకలో దవడపళ్ళు అనేస్తాం. మాంసాహారం అనగానే అందరి చూపూ కోరల మీదికే పోతుంది. ఆ గుర్తును నమ్మితే మోసం చేసే జంతువులు శేషాచలం కొండల్లోనే ఉన్నాయి.

మూషిక జింక కుందేలంత ఉంటుంది. ఆకులు, రాలిన పండ్లు తిని బతుకుతుంది. దానికి కొమ్ములుండవు. కానీ మగదానికి పైదవడ నుంచి కిందికి పొడుచుకొచ్చిన సన్నటి కోరలుంటాయి. అవి సాటి మగవాటితో పోట్లాటకు. మెట్ల దారిలో ముదురు మగకోతి నోరు బార్లా తెరిచి ఆవలించినప్పుడు దాని పొడుగాటి కోరలు చూసే ఉంటారు. ఆ ఆవలింత చాలాసార్లు నిద్రమత్తు వల్ల వచ్చేది కాదు, దగ్గరికి రావద్దన్న బెదిరింపు. అప్పుడు చేతిలోని అరటిపండు వదిలేసి పక్కకు తప్పుకోవడమే క్షేమం. అడవిపంది కోరలు పైవీ కిందివీ ఒకదానికొకటి రాసుకొని పదునెక్కుతాయి. అది దుంపలు తవ్వుకు తింటుంది, వానపాములు తింటుంది, చచ్చిన జంతువు దొరికినా వదలదు. ఇక ఏనుగు దంతాలు అసలు కోరలే కావు. అవి పైదవడలో విపరీతంగా పెరిగిన కుంతకాలు.

కోర ఒక ఆయుధం. వేటకూ పనికొస్తుంది, పోరుకూ పనికొస్తుంది. అందుకని కోర ఉన్నదా లేదా అన్నదానికంటే, కోర వెనక ఏ పళ్ళున్నాయి అన్నదే అడగాల్సిన ప్రశ్న.

చిరుత నోరు

తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాల 1987లో ఏర్పడింది. 2023లో అలిపిరి నడకదారి చుట్టుపక్కల బోనుల్లో చిక్కిన చిరుతలను తరలించింది ఇక్కడికే. పిల్లి కుటుంబపు జంతువు నోటిని దగ్గర నుంచి గమనించడానికి ఇంతకన్నా మంచి చోటు ఈ చుట్టుపక్కల లేదు.

చిరుత నోరు తెరిస్తే ముందుగా కనిపించేవి నాలుగు కోరలు. వాటి మధ్య పైన ఆరు, కింద ఆరు చిన్న కుంతకాలు వరసగా ఉంటాయి. ఎముక మీద మిగిలిన మాంసం గీకడానికీ, బొచ్చు పీకడానికీ అవి సరిపోతాయి. కోరను అడ్డంగా కోసి చూస్తే దాదాపు గుండ్రంగా ఉంటుంది. చిరుత ఒంటరిగా వేటాడుతుంది. దుప్పి గొంతు పట్టుకొని ఊపిరాడకుండా చేసి చంపుతుంది. ఆ కాసేపూ దుప్పి ఏ వైపు గింజుకుంటుందో తెలియదు. ఏ వైపు నుంచి ఒత్తిడి వచ్చినా విరగకుండా నిలవడానికి గుండ్రటి కోర అనువైనది. కుక్కల కోరలు పక్కల నుంచి కాస్త నొక్కినట్టుంటాయి. రేచుకుక్కలు గుంపుగా తరుముతూ, అందినచోట కొరికి చీలుస్తూ వేటాడతాయి గానీ ఒకే పట్టు మీద నిమిషాల తరబడి వేలాడవు. వేట తీరు కోర అడ్డుకోతలో కూడా కనబడుతుందన్నమాట.

కోర వెనక కొంత ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ లేకపోతే కోర పూర్తిగా దిగకముందే వెనక పళ్ళు చర్మానికి తగిలి అడ్డుపడతాయి.

అసలు మాంసాహారి గుర్తు ఆ ఖాళీకి వెనక ఉంది. పైదవడలోని చివరి అగ్రచర్వణకం, కింది దవడలోని మొదటి చర్వణకం, ఈ రెండూ నమిలే పళ్ళలా ఉండవు. ముందు నుంచి వెనక్కి సాగిన రెండు కత్తి అంచుల్లా ఉంటాయి. నోరు మూసినప్పుడు కింది పన్ను పైపంటి లోపలివైపుగా రాసుకుంటూ పోతుంది. వాటి మధ్య చిక్కిన తోలు, కండ, నరం తెగిపోతాయి. వీటిని కోతపళ్ళు అనుకుందాం. పిల్లి, కుక్క, తోడేలు, నక్క, ముంగిస, వీటన్నిటికీ ఈ జత ఉంది. మూషిక జింకకు, కోతికి, పందికి, వాటి కోరలు ఎంత పొడుగున్నా, ఈ జత లేదు.

ఈ కోత జరగాలంటే దవడ కీలు కూడా అందుకు తగ్గట్టు ఉండాలి. చిరుత కింది దవడ చివర అడ్డంగా పరుచుకున్న దూలంలాంటి ముడి ఉంటుంది. అది పుర్రెలోని గాడిలో బిగుతుగా కూర్చుంటుంది. దాంతో దవడ పైకీ కిందికీ కదులుతుందే తప్ప పక్కలకు జరిగేది చాలా తక్కువ. గాడి వెనక ఒక ఎముక అంచు లేచి ఉంటుంది. గింజుకునే వేటను పట్టుకున్నప్పుడు దవడ వెనక్కి జారిపోకుండా ఆపేది అదే. పక్కకు కదిలే దవడ చిరుతకు ప్రమాదం. కీలు సడలితే పట్టు పోతుంది, రెండు అంచుల మధ్య సందు పెరిగితే కోత పోతుంది.

కీలు ఎంత ఎత్తులో ఉందన్నది మరో ముఖ్యమైన సంగతి. చిరుతకు అది పళ్ళ వరస మట్టంలోనే ఉంటుంది. అందువల్ల నోరు మూసుకుంటున్నప్పుడు పళ్ళన్నీ ఒక్కసారి కలవవు. వెనక నుంచి ముందుకు ఒక్కో చోటే కలుస్తూ వస్తాయి. అడకత్తెర సరిగ్గా ఇలాగే పనిచేస్తుంది. వక్కను కొసన పెట్టి నొక్కితే తెగదు, కీలు వైపు జరిపితే అదే చేతి బలానికి పటుక్కున తెగుతుంది. కోతపళ్ళు నోటి వెనక మూలన, కీలుకు దగ్గరగా ఉండటానికి కారణం అదే. వీధికుక్క ఎముక దొరికినప్పుడు తల పక్కకు వంచి నోటి మూలతో కొరుకుతుంది. ఇంటి పిల్లి చేపముక్కను తినేటప్పుడూ అంతే. ముందుపళ్ళతో ఆ పని కాదని వాటి దవడే వాటికి నేర్పింది.

బలం ఎక్కడ నుంచి వస్తుంది? కణతల మీద వేళ్ళు పెట్టి పళ్ళు బిగిస్తే లోపల ఒక కండరం గట్టిపడటం తెలుస్తుంది. చెంప మీద, దవడ మూలకు పైన వేళ్ళు పెడితే ఇంకొకటి తెలుస్తుంది. మొదటిది కణత కండరం, రెండోది చెంప కండరం. చిరుతకు కణత కండరమే పెద్దది. అది అతుక్కోవడానికి పెద్ద మగవాటి పుర్రె నడినెత్తిన ఎముక గట్టులా లేచి ఉంటుంది. కింది దవడ మీద కూడా ఆ కండరం పట్టుకునే ఎముక కొమ్ము ఎత్తుగా పైకి సాగి ఉంటుంది. నోరు బాగా తెరిచినప్పుడు చెంప కండరం అతిగా సాగి పట్టు కోల్పోతుంది. కణత కండరం మాత్రం వెనక్కి లాగుతూ అప్పుడు కూడా బలంగా మూయగలదు. వేటగాడికి నోరు తెరిచిన మొదటి క్షణంలోనే బలం కావాలి.

చిరుత నమలదు. కోసి, ముక్కలు మింగుతుంది. మాంసం జీర్ణం కావడానికి నమలనక్కర లేదు. జీర్ణాశయంలోని ఆమ్లం, ఎంజైములు దాన్ని కరిగించేస్తాయి. అందుకే వాటి పేగు కూడా పొట్టిది. పిల్లి పేగు ఒంటి పొడవుకు సుమారు నాలుగు రెట్లయితే, ఆవు పేగు దాదాపు ఇరవై రెట్లు. పిల్లుల చర్వణకాలు ఒక్కో వైపు పైన ఒకటి, కింద ఒకటి మాత్రమే మిగిలాయి. పైది పేరుకే ఉంది. మనిషికైతే ఒక్కో వైపు పైన మూడు, కింద మూడు ఉండే చోటది.

కుక్క కుటుంబం ఇంత దూరం పోలేదు. వాటికి కోతపళ్ళ వెనక నలిపే చర్వణకాలు ఇంకా ఉన్నాయి. నక్క రేగుపండ్లు తింటుంది, పొలంలో పురుగులు తింటుంది, పుచ్చకాయలను కూడా వదలదు. రేచుకుక్క మాత్రం మాంసం వైపు ఒక మెట్టు ఎక్కువగా జరిగింది. నక్కకూ వీధికుక్కకూ కింద ఒక్కో వైపు మూడు చర్వణకాలుంటే దానికి రెండే. మొత్తం 40 పళ్ళు. ఒకే కుటుంబంలో తిండి మారితే నలిపే పన్ను ఎలా తగ్గుతుందో చూపడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు.

గడ్డి నమలడం ఎంత కష్టమైన పని

మాంసాహారి వైభవం ముందు గడ్డి తినే జంతువు నోరు సాదాగా కనబడుతుంది. నిజానికి ఇంజినీరింగ్ పరంగా కష్టమైన పని దానిదే. మాంసం మెత్తన, పోషకం నిండుగా ఉంటుంది. గడ్డి కణాల చుట్టూ సెల్యులోజ్ అనే పీచు పదార్థపు గోడలుంటాయి, ఆ గోడలను కరిగించే ఎంజైము ఏ పాలిచ్చే జంతువు ఒంట్లోనూ తయారు కాదు. కడుపులోని సూక్ష్మజీవులు ఆ పని చేయాలి. అవి పని చేయాలంటే గడ్డిని నలిపి, చీల్చి, పైతలం పెంచి ఇవ్వాలి. ఆ నలపడం పళ్ళ బాధ్యత. పైగా గడ్డిలో ఇసుకకు మూలమైన సిలికా రేణువులుంటాయి. నేలకు దగ్గరగా మేసేటప్పుడు మట్టి కూడా నోట్లోకి పోతుంది. రోజూ ఇసుక నమిలినట్టే కాబట్టి పన్ను అరగక తప్పదు.

ఆవు పన్ను ఆ అరుగుదలనే తన పదునుగా మార్చుకుంది. మన పన్నుకు పైనంతా పింగాణీ పొర, లోపల డెంటిన్ అనే ఎముకలాంటి పదార్థం. ఆవు దవడపంటిలో పింగాణీ పొర మడతలు మడతలుగా లోపలికి దిగి ఉంటుంది. పింగాణీ, డెంటిన్, వాటిని అతికి ఉంచే సిమెంటం, మూడూ నమిలే తలం మీదే పక్కపక్కన బయటపడి ఉంటాయి. మూడింటి గట్టిదనం వేరు. మెత్తనివి ముందు అరిగి గుంటలు పడతాయి, గట్టి పింగాణీ అంచులై మిగులుతుంది. ఎంత అరిగినా ఆ ఎగుడుదిగుడు పోదు. అరుగుతూనే పదునవుతుంది. పైగా పన్ను పొడుగు. చిగురు పైన కనిపించేది కొంతే, మిగతాది దవడ ఎముకలో దాగి ఉండి అరిగేకొద్దీ మెల్లగా పైకి వస్తుంది. ఆవు దవడ అంత లోతుగా ఉండటానికీ, ముఖం అంత పొడుగ్గా ఉండటానికీ కారణం ఈ పళ్ళకు చోటు కావడమే. కణితి, దుప్పి వంటి జింకలు ఆకులు, పండ్లు, లేతచిగుళ్ళు కూడా తింటాయి. వాటి దవడపళ్ళు ఆవువాటి కంటే పొట్టివి.

ఇప్పుడు కీలు దగ్గరికి వస్తే, చిరుతలో చూసినదంతా తలకిందులవుతుంది. ఆవు కీలు పళ్ళ వరస కంటే చాలా ఎత్తున ఉంటుంది. అందువల్ల నోరు మూసినప్పుడు దవడపళ్ళన్నీ దాదాపు ఒక్కసారే కలుస్తాయి. కీలు తలం చదునుగా, వదులుగా ఉంటుంది కాబట్టి దవడ పక్కకు హాయిగా జరుగుతుంది. పైదవడ వెడల్పు, కిందిది ఇరుకు. అందుకే ఆవు ఒకసారి ఒక వైపే నమలగలదు. కింది దవడ ఒక పక్కకు వెళ్ళి, పైకి లేచి, అడ్డంగా రాసుకుంటూ లోపలికి వస్తుంది. పెద్దది చెంప కండరమే. దాన్ని పట్టుకోవడానికి దవడ మూల వెడల్పుగా పరుచుకుంటుంది. కణత కండరం చిన్నది. గడ్డి పారిపోదు కాబట్టి నోరు బార్లా తెరవాల్సిన అవసరం దానికి లేదు.

పంటి అంచులు ఏ దిశలో ఉన్నాయో కూడా గమనించాలి. ఆవు దవడపంటి మీద పింగాణీ అంచులు నెలవంకల్లా ముందు నుంచి వెనక్కి సాగి ఉంటాయి. దవడ కదిలేది అడ్డంగా. అంచుకు అడ్డంగా కదిలితేనే గడ్డి తెగుతుంది, అంచు వెంబడి కదిలితే జారిపోతుంది. ఈ నియమం ఏనుగు దగ్గర మళ్ళీ కనిపిస్తుంది.

ముందు భాగంలో ఆవు చేసేది గడ్డిని నాలుకతో చుట్టి, కింది పళ్ళకూ పై మెత్తకూ మధ్య బిగించి, తలతో లాగి తెంపడం. ఈ పద్ధతికి గడ్డి కాస్త పొడుగు ఉండాలి. మరీ నేలబారు గడ్డిని ఆవు అందుకోలేదు. చీలిన పైపెదవి ఉన్న గొర్రె నేలకు ఆనించి మేయగలదు. మేక చురుకైన పెదవులతో ముళ్ళ మధ్య ఆకును ఏరుకోగలదు. వానలు తప్పిన ఏడాది రాయలసీమ బీళ్ళల్లో ఆవులు డొక్కలెండి నిలబడినప్పుడు గొర్రెల మందలు ఇంకా మేస్తూ కనబడటానికి ఇదీ ఒక కారణం. పుంగనూరు ఆవు సుమారు మూడడుగుల ఎత్తుండే చిన్న పసరం. తక్కువ మేతతో, వరిగడ్డి వంటి ముతక మేతతో నెట్టుకొస్తుందని దానికి పేరు. ఆ చిన్న నోట్లోనూ అవే 32 పళ్ళు, అదే అమరిక.

ముందుపళ్ళకూ దవడపళ్ళకూ మధ్య ఒక పొడుగాటి ఖాళీ ఉంటుంది. తెంపిన మేతను నాలుక అక్కడే తిప్పి వెనక్కి తోస్తుంది. పసరానికి వెదురు గొట్టంతో మందు తాపేవాళ్ళు నోటి పక్క నుంచి చెయ్యి పెట్టేది ఆ ఖాళీలోకే. వెనక దవడపళ్ళ మధ్య వేలు పడితే ఏమవుతుందో వాళ్ళకు చెప్పనక్కర లేదు.

తెంపిన గడ్డిని ఆవు అప్పటికప్పుడు పూర్తిగా నమలదు. పైపైన నమిలి మింగేసి, నీడకు చేరాక మళ్ళీ నోటికి తెచ్చుకొని నెమరు వేస్తుంది. మేతలో పీచును బట్టి రోజుకు ఏడెనిమిది గంటలు నెమరుకే పోతుంది. ముతక గడ్డికి ఎక్కువ, దాణాకు తక్కువ. నెమరు వేసేకొద్దీ లాలాజలం ఊరుతుంది. పెద్ద పాడి ఆవుకు అది రోజుకు నూరు లీటర్లు దాటుతుంది. కడుపులో పుట్టే ఆమ్లాన్ని విరిచేది అదే. నెమరు మానిన ఆవును చూసి రైతు గాభరాపడటంలో పూర్తి న్యాయం ఉంది. ఆ దవడ ఆగితే కడుపు సమతూకం తప్పుతుంది.

ఏనుగుకు ఆరు విడతలు

పలమనేరు, కుప్పం వైపు రైతులకు ఏనుగు తిండి గురించి ఎవరూ చెప్పనక్కర లేదు. 1980ల్లో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి మందలు ఇటు వచ్చాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. చెరుకు, అరటి, వరి, మామిడి తోటల్లో వాటి నష్టం ఇప్పటికీ ఆగలేదు. అడవిలో అదే ఏనుగు వెదురు, చెట్ల బెరడు, గడ్డి తింటుంది. అంత ముతక తిండిని అంత పెద్ద ఎత్తున నమలడానికి దాని నోట్లో ఒక్కో వైపు పైన ఒకటి, కింద ఒకటి పని చేస్తే చాలు. అంత పెద్ద పళ్ళవి. ఒక్కో పన్ను పలుచటి పింగాణీ పలకలను వరసగా పేర్చి సిమెంటంతో అతికినట్టుంటుంది.

ఆ పలకల అంచులు అడ్డంగా ఉంటాయి. దవడ మాత్రం ముందుకూ వెనక్కీ కదులుతుంది. ఆవుకు అంచులు ముందు నుంచి వెనక్కి, కదలిక అడ్డం. ఏనుగుకు అంచులు అడ్డం, కదలిక ముందుకూ వెనక్కీ. రెండు వంశాలు వేర్వేరు దారుల్లో వచ్చి ఒకే నియమం దగ్గర కలిశాయి. దవడల గురించి ఒక్క మాటే గుర్తుపెట్టుకోవాలంటే ఈ నియమాన్నే పెట్టుకోవాలి. పంటి అంచు దిశ చూస్తే దవడ ఎటు కదిలేదో చెప్పొచ్చు. దవడ ఎటు కదిలేదో తెలిస్తే జంతువు ఏం తినేదో చాలావరకు చెప్పొచ్చు. ఎప్పుడో అంతరించిన జంతువుల తిండిని ఒక్క దవడ ముక్క నుంచి శాస్త్రవేత్తలు ఊహించగలుగుతున్నది ఈ ఆధారంతోనే.

మన కొత్త పళ్ళు చిగుళ్ళలోంచి నిలువుగా మొలుస్తాయి. ఏనుగు దవడపళ్ళు వెనక నుంచి ముందుకు జరుగుతాయి. ముందుది అరిగి ముక్కలై రాలిపోతుంటే వెనకది దాని చోటికి నెట్టుకొస్తుంది. జీవితమంతా కలిపి ఒక్కో దవడ పక్కకు ఆరు విడతలు. ఆరోది అరవై ఏళ్ళ ప్రాంతంలో అరిగిపోతుంది. ఆ తర్వాత ఏనుగు మెత్తటి మేత ఉన్న తడి నేలలకే పరిమితమై, చివరికి తిండి అందక చనిపోతుంది. జబ్బు ఏదీ లేకపోయినా దాని ఆయువుకు పళ్ళే హద్దు గీస్తాయి.

మధ్యలో ఉన్నవాళ్ళు

ఎలుగుబంటి వంశం మాంసాహారులదే. కానీ మన కొండల్లోని ఎలుగుకు ప్రధాన తిండి చెదలు, చీమలు, తేనె, పండ్లు. దాని కోతపళ్ళు పదును కోల్పోయి నలిపే పళ్ళయ్యాయి. పైదవడలో నడిమి రెండు కుంతకాలు అసలు లేవు. పుట్టను గోళ్ళతో తవ్వి, ముక్కు రంధ్రాలు మూసి, పొడుగాటి పెదవులను గొట్టంలా చేసి చెదలను పీల్చేటప్పుడు గాలి దూసుకుపోయేది ఆ సందులోంచే. అదే చెదలను తినే అలుగుకు పళ్ళే లేవు. నాలుకతో అంటించుకొని మింగేస్తుంది, నూరే పని దాని కడుపు చూసుకుంటుంది.

అడవిపంది 44 పళ్ళతో పాలిచ్చే జంతువుల పాత అమరికను దాదాపు పూర్తిగా నిలుపుకుంది. దాని చర్వణకాలు గుండ్రటి బొడిపెలతో ఉంటాయి. మనిషి చర్వణకం కూడా ఈ తీరుదే. గడ్డి నూరే మడతలు లేవు, మాంసం కోసే అంచులూ లేవు. గింజ, దుంప, పండు, మాంసం, ఏదైనా కొంతవరకు నలపగల పన్నిది.

మనిషి పళ్ళ ప్రస్తావన వస్తే వెంటనే మొదలయ్యే వాదన ఒకటుంది. కోరలు చిన్నవి కాబట్టి మనిషి పుట్టుకతో శాకాహారి అని ఒకరు, కోరలు ఉన్నాయి కాబట్టి మాంసాహారి అని ఇంకొకరు. రెండు వాదనలూ కోర దగ్గరే ఆగిపోయాయి. కోర తిండికి నమ్మకమైన గుర్తు కాదని మూషిక జింక దగ్గరే తేలిపోయింది. మనకు కోతపళ్ళు లేవు. గడ్డి నూరే పొడుగు పళ్ళూ లేవు. కీలు పళ్ళ కంటే ఎత్తున ఉంది, పక్కలకు కదులుతుంది, అయినా ఆవుకు కదిలినంత కదలదు. ఇది మిశ్రమ తిండికి తగిన నోరు. పైగా మన పూర్వీకులు రాతి పనిముట్లతో కోసి, నిప్పు మీద ఉడికించి, దవడ చేయాల్సిన పనిలో పెద్ద భాగాన్ని చేతులకూ పొయ్యికీ అప్పగించారు. ఏం తినాలన్నది మనిషి మనసుతో, ధర్మంతో, ఆరోగ్యంతో తేల్చుకోవాల్సిన విషయం. శాకాహారాన్ని నిష్ఠగా పాటించే తిరుమల యాత్రికుడికి పళ్ళ సాక్ష్యం అక్కరలేదు.

దవడ తీరు, ఊరి చెత్త

ఈ పరిశీలన అంతటిలో రోజూ పనికొచ్చే సంగతి ఒకటుంది. చిరుత గానీ పిల్లి గానీ ఒక్కో ముక్కను కోసి మింగుతుంది. మేక పెదవులతో ఏరుకుంటుంది. ఆవు నాలుకతో చుట్టి గుంపుగా లాగి, పెద్దగా నమలకుండా మింగుతుంది. ఏరుకోవడం దాని నోటికి రాదు. అడవి అంచున, బీళ్ళల్లో ఈ పద్ధతి వల్ల దానికి మేలే జరిగింది. వేటాడే జంతువు వచ్చేలోపు వీలైనంత మింగి, తర్వాత భద్రంగా నెమరు వేసుకోవచ్చు.

పట్టణం చెత్తకుప్ప దగ్గర అదే పద్ధతి ప్రాణం తీస్తుంది. మిగిలిన అన్నం, అరటి తొక్కలు ముడివేసిన ప్లాస్టిక్ కవర్లో ఉంటే ఆవు కవరుతో సహా మింగుతుంది. ప్లాస్టిక్ జీర్ణం కాదు, కడుపు నాలుగు అరల్లో మొదటిదైన పెద్ద కడుపులో పేరుకొని ముద్దవుతుంది. ఆవు కడుపు నిండుగా కనబడుతూనే చిక్కిపోతుంది. మేకులు, తీగముక్కలు బరువు కాబట్టి ముందుకు జారి రెండో అరలో దిగుతాయి. ఆ అరకూ గుండెకూ మధ్య ఉన్నది పలుచటి పొరలు మాత్రమే. అర ముడుచుకున్న ప్రతిసారీ తీగ ముందుకు గుచ్చుకుంటూ పోయి గుండె చుట్టూ ఉన్న పొర దాకా చేరవచ్చు. మేత మానడం, వీపు గూనిగా వంచి నిలబడటం, మెడ కింద వాపు, పల్లం దిగడానికి వెనకాడటం, ఇవి కనిపిస్తే ఆలస్యం చేయకుండా పశువైద్యుడికి చూపించాలి. కడుపు తెరిచి ప్లాస్టిక్, ఇనుము తీసే శస్త్రచికిత్స ఉంది. కానీ తీగ గుండె దాకా పోయాక బతికించడం చాలా కష్టం. పాడి పశువుల కడుపులోకి ముందే చిన్న అయస్కాంతం మింగించి ఇనుమును ఆ అరలోనే పట్టి ఉంచే పద్ధతి కూడా వాడుకలో ఉంది.

ఆవు నోటి తీరును మార్చలేం. తడిచెత్తను కవరులో కట్టి పారేయకుండా విడిగా వేయడం, కట్టడం పని జరిగినచోట తీగముక్కలు, మేకులు ఏరి పక్కన పెట్టడం, గడ్డిమోపులు కట్టిన ఇనుప తీగను మేత వేసే ముందే లెక్క చూసి తీసేయడం మన చేతిలో ఉన్న పనులు.